పాదిరిగార్ల కథలూ, నైట్ షిఫ్టూ

ఒక పుస్తకం మంచిదో కాదో తేల్చటానికి పండితుల దగ్గర చాలా కొలబద్దలుంటాయి. నా దగ్గరున్నది ఒక్కటే. రాత్రంతా మిషను ముందు నిలబడి వచ్చిన మనిషికి ఆ పుస్తకం చదివి వినిపిస్తే, కునుకు తీయకుండా వింటాడా, లేదా?

ఈ కొలబద్ద నాకు మా చిట్కుల్‌లోనే దొరికింది. పటాన్‌చెరు దాటి ముంబయి రోడ్డు మీద కాస్త ముందుకొస్తే ఇస్నాపూర్, ఆ పక్కనే మా ఊరు. మా దగ్గర వేళ చెప్పేది కోడికూత కాదు, కంపెనీ బస్సు హారను. బడిపంతులుగా రిటైరయినవాణ్ణి గనక చెప్పకుండా ఉండలేను. ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురు కుర్రాళ్ళను కూచోబెట్టి పూర్వపు పాదిరిగార్ల జీవిత చరిత్రలు చదివి వినిపిస్తుంటాను. పాతవాళ్ళ బతుకులు చూసి భక్తి నేర్చుకోవాలన్నది నా నమ్మకం.

ఓ ఆదివారం ఒక చిన్న పుస్తకం తీశాను. దాని పేరు చెప్పను. దాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టి లాభం లేదు, దానికి అన్నదమ్ములు చాలామంది ఉన్నారు. అందులో పాదిరిగారు తెల్లవారుజామున మూడింటికి లేచి, నాలుగు గంటలసేపు మోకాళ్ళ మీద ఉండేవారట. నేను గొంతు తగ్గించి, భక్తిగా చదువుతున్నాను. వెనక కూచున్న కుర్రవాడొకడు కళ్ళు నులుముకుంటూ లేచాడు.

"సారూ, మూడింటికి ఆయన మోకాళ్ళేసిండు. మూడింటికి నేను మిషన్ కాడ నిలవడి ఉంట. ఆడ మోకాళ్ళేస్తే సూపర్‌వైజరు ఊకుంటడా? అంటే నాకు భక్తి లేనట్టేనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, "మనసుంటే మార్గముంటుందిలే నాయనా" అన్నాను. జవాబు తెలియని పంతుళ్ళందరూ అనే మాటే అది. అతను తలూపి కూచున్నాడు. ఆ తరవాత మూడు ఆదివారాలు రాలేదు.

అతని కోసం, నిజం చెప్పాలంటే నా సిగ్గు కోసం, ఈ జీవిత చరిత్రలన్నీ మళ్ళీ ముందేసుకుని కూచున్నాను. చదివినకొద్దీ తప్పు కుర్రవాడిది కాదని తేలింది. పాదిరిగారిదీ కాదు. కథ చెప్పినవాడిది.

మన చిన్న పుస్తకాలు భక్తిని మూడింటితో కొలుస్తాయి. ఒకటి గడియారం, అంటే ఎన్నింటికి లేచారు, ఎంతసేపు ప్రార్థించారు అన్నది. రెండోది లెక్క, అంటే ఎందరికి బాప్తిస్మమిచ్చారు అన్నది. మూడోది అద్భుతం. ఈ మూడూ అబద్ధాలని నేననను. కాని ఈ మూడే మిగిలితే ఆ పాదిరిగారు మనిషిగా మిగలరు, గోడ మీద పటమైపోతారు. పటానికి దణ్ణం పెట్టవచ్చు, దాని దగ్గర పని నేర్చుకోలేం.

ఉదాహరణకు ఒంగోలు క్లౌ దొరగారినే తీసుకోండి. జాన్ క్లౌ అమెరికాలో సర్వేయరు పని చేసి, పాదిరిగా 1865లో మన దేశం వచ్చారు. ఆయన పేరు చెప్పగానే చిన్న పుస్తకాలన్నీ ఒక అంకె అప్పజెబుతాయి. 1878 జూలై 3న, ఒక్క రోజులో, 2,222 మందికి బాప్తిస్మం. అంకె ఎంత అందంగా ఉందో చూడండి, నాలుగు రెళ్ళు వరసగా! ఆ అందమే కొంప ముంచింది. పాఠకుడి కన్ను అక్కడే ఆగిపోతుంది.

క్లౌగారు తన కథను తానే చెబుతుండగా ఆయన భార్య ఎమ్మా రాసిన పుస్తకం ఒకటుంది. 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియెంట్' దాని పేరు. ఆయన పోయిన నాలుగేళ్ళకు, 1914లో అచ్చయింది. అందులో ఈ అంకెకు ముందున్న పుటలు చదవాలి. 1876-78 కరువు. జనం పిట్టల్లా రాలిపోతున్నారు. క్లౌగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. పాత సర్వేయరు విద్య అక్కరకొచ్చింది. ఆకలిగా వచ్చినవాళ్ళకు పలుగూ పారా ఇచ్చి, కూలి ఇచ్చారు. ఆయన దగ్గరి తెలుగు ప్రచారకులే మేస్త్రీలయ్యారు. తవ్వేవాళ్ళు అలిసి కూచున్నప్పుడు వాళ్ళూ పక్కన కూచుని, ప్రయాసపడి బరువు మోసేవాళ్ళను క్రీస్తు పిలిచిన సంగతి చెప్పేవారు. దానికి వేరే వేళ లేదు, వేదిక లేదు. మట్టిగట్టే గుడి, విశ్రాంతి వేళే ఆరాధన వేళ.

అసలు సంగతి ఇంకా ఉంది. ఆ కరువు రోజుల్లో పదిహేను నెలలపాటు ఆయన ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. జనం అడగక కాదు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, ఆకలిగా ఉన్నవాడి చేత ఆ మాట అనిపించుకోకూడదని ఆగారు. సహాయం పంచటం ముగిసిపోయాక కూడా జనం వచ్చారు. మాకు డబ్బు వద్దు, మా చేతుల బొబ్బలు చూడండి, పని చేసుకుని బతుకుతాం, చావాల్సివస్తే క్రైస్తవులుగా చస్తాం అన్నారట. అప్పుడు జరిగింది గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర ఆ బాప్తిస్మాల పండగ. నీళ్ళలోకి దిగి బాప్తిస్మమిచ్చింది కూడా దొరగారు కాదు. ఆరుగురు తెలుగు ప్రచారకులు, ఇద్దరేసి చొప్పున వంతులు వేసుకుని ఇచ్చారు.

ఇప్పుడు చెప్పండి, భక్తి ఎక్కడుంది? 2,222లోనా, పదిహేను నెలల సున్నాలోనా? నన్నడిగితే సున్నాలోనే ఎక్కువుంది. లెక్క పెంచుకునే అవకాశం గుమ్మంలో నిలబడితే తలుపు వేసుకోగలగటం మూడింటికి లేవటం కన్నా కష్టం. మన చిన్న పుస్తకాలు ఆ సున్నాను కొట్టేసి అంకెను ఉంచుకున్నాయి.

అద్భుతం సంగతీ ఇంతే. ఒంగోలుకు వచ్చిన కొత్తలో మాదిగ పల్లెల నుంచి జనం బాప్తిస్మానికి రాసాగారు. వాళ్ళను చేర్చుకుంటే మేము ఉండమన్నారు పెద్దకులాలవాళ్ళు. ఏం చేయాలో తోచక క్లౌగారూ, ఆయన మొదటి భార్యా వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే చోటు కనిపించిందట. దేవుడు లోకంలో తక్కువవాళ్ళనే ఏరుకున్నాడని చెప్పే చోటు అది. ఈ కథ విననివాళ్ళు మా సంఘాల్లో తక్కువ. కాని ఆ తరవాత ఏమైందో చెప్పేవాళ్ళూ తక్కువే. బడిలో చేరిన పెద్దకులాల పిల్లలు వెళ్ళిపోయారు. కష్టపడి పెట్టుకున్న బడి ఖాళీ అయింది. పుట తెరుచుకోవటం అద్భుతమైతే కావచ్చు. ఖాళీ బెంచీల ముందు నిలబడి, మాట వెనక్కి తీసుకోకపోవటం భక్తి. మొదటిది మనకు జరగకపోవచ్చు. రెండోది మన చేతుల్లో ఉన్న పని.

మాకు దగ్గరిదైన మెదక్ మాటకొస్తే, పాస్నెట్ దొరగారు కట్టించిన చర్చికి క్రిస్మస్‌కు జనం బస్సులు కట్టించుకుని వెళతారు. గోపురం 175 అడుగులని పిల్లవాడు కూడా చెబుతాడు. 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన ఆ కట్టడం కరువులో కూడు లేనివాళ్ళకు పని పెట్టిన కట్టడం అన్న సంగతి మాత్రం ఎత్తు కింద పడిపోయింది. ఒంగోల్లో కాలువ, మెదక్‌లో రాళ్ళు. రెండు చోట్లా ప్రార్థన కూలిపనిలోంచే నడిచింది.

దోర్నకల్ అజరయ్యగారిది ఇంకో దారి. తమిళదేశం నుంచి మన మధ్యకు వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పయ్యారు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో నిలబడి, మీరు మాకు అన్నీ ఇచ్చారు, స్నేహం మాత్రం ఇవ్వలేదని దొరల ముఖానే చెప్పారు. ఆ ధైర్యాన్ని అందరూ మెచ్చుకుంటారు. నాకు నచ్చింది వేరే. బాప్తిస్మం పొందిన ప్రతి పల్లెటూరి మనిషి చేతా తన తల మీద తన చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలికించేవారాయన. అంటే భక్తి అయ్యగారి ఇంటి సొత్తు కాదు. కూలివాడికీ అందులో వంతుంది, బాధ్యతా ఉంది.

పెద్ద పుస్తకాలన్నీ నిర్దోషాలని కూడా అనలేను. క్లౌగారి కంటే ముందే పల్లెల్లో తోళ్ళ వ్యాపారం చేస్తూ తిరిగి, ఒక యోగి దగ్గర సత్యం వెతికి, 1866లో భార్య నాగమ్మతో సహా బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య లేకపోతే ఒంగోలు కథే లేదు. ఆ పేరయ్య మాటలు మనకు ఎమ్మాగారి ఇంగ్లీషులోంచే వినిపిస్తాయి. 1899లో ఆమె మాదిగల జీవితం మీద 'వైల్ స్యూయింగ్ శాండల్స్' అని ఒక పుస్తకం వేశారు. ఆమె వినబట్టి ఆ మాత్రమైనా మిగిలింది. అయినా, దొరగారి కథలో పేరయ్య వెంట నడిచే మనిషిగానే కనిపిస్తాడు. దారి చూపింది మాత్రం అతనే కదా!

ఇదంతా అయ్యాక కాలువ కథను నా సొంత మాటల్లో నోటుబుక్కులో రాసుకుని, ఒకనాటి పొద్దున ఇస్నాపూర్ టీకొట్టు దగ్గర నిలబడ్డాను. కంపెనీ బస్సు దిగాడు మావాడు. టీ ఇప్పించి, చదివాను. పడుకోలేదు. బొబ్బల మాట దగ్గర తన అరచెయ్యి ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

"ఇది మంచిగుంది సారూ" అన్నాడు. తరవాత, "మన ఊరికి మొదలు వాక్యం తెచ్చినాయన పేరేంది?" అని అడిగాడు.

నేను టీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాను. అమెరికా సర్వేయరు చరిత్ర తేదీలతో చెప్పగలను. మా వీధిలో నడిచిన అయ్యగారి పేరు చెప్పలేను. పుస్తకాల్లో ఏం వదిలేశారని ఇంతసేపు తప్పులెంచిన విమర్శకుడు తాను వదిలేసింది చూసుకోలేదు.

ఆ ఆదివారం అతను వచ్చాడు. వాళ్ళ నాయనమ్మను అడిగాడట. ఆమె ఒక పేరు చెప్పిందట. వానలో కూడా నడిచొచ్చేవాడు, పెట్టిన గటకనే తినేవాడు, ఇంటిపేరు మాత్రం యాదికి లేదన్నదట. నోటుబుక్కు కొత్త పేజీలో ఆ పేరు రాశాం. పేరు ముందు ఇంటిపేరు పట్టేంత చోటు విడిచిపెట్టాం.