ఈసీజీ తీసే చేతులు
పులివెందుల ఆసుపత్రుల్లో ఈసీజీ తీసే టెక్నీషియన్ పనిని చిన్నచూపు చూడకూడదు. నీరసించిన గుండెలో ఎడమవైపు కరెంటు దారి మూసుకుపోతే ఎడమ గది గోడలు ఒకేసారి ముడుచుకోవు. రెండు గదులనూ కలిపి నడిపే సీఆర్‌టీ పేస్‌మేకర్ ఆ ఎడాన్ని తగ్గిస్తుంది. అదే కుడి గదిని మాత్రమే పదే పదే తట్టి నడిపిస్తే బలహీన గుండెకు కీడు జరగొచ్చని 2002లో వచ్చిన డేవిడ్ (DAVID) అనే పరిశోధన హెచ్చరించింది. సీఆర్‌టీ ఎవరికన్నది తేల్చడంలో ఈసీజీ గీతలో కింది గదుల్లో కరెంటు పాకడాన్ని చూపే క్యూఆర్‌ఎస్ వెడల్పుదే పెద్దపీట: అందులో హద్దుగా చూసే 150 మిల్లీసెకన్లంటే కాగితం మీద నాలుగు చిన్న గళ్లకు కాస్త తక్కువ. కొలత యంత్రమే వేస్తుంది కదా అంటారు. వేస్తుంది, నిజమే. కానీ నాలుగో పక్కటెముకల సందులో ఉండాల్సిన వీ1 ఎలక్ట్రోడు పైకి జరిగితే గీత రూపమే మారిపోతుంది, యంత్రం దాన్ని పసిగట్టలేదు. చెమట తుడిచి, జెల్ రాసి, ఎముకల్ని తడుముతూ చోటు వెతికే వేళ్లకే ఆ సంగతి తెలుస్తుంది. ఎక్కడో తిరుపతిలో గుండె డాక్టరు చేసే ఆలోచన ఈ కాగితంతోనే మొదలవుతుంది.