మే నెల దెబ్బ, డిసెంబరులో బయటపడుతుంది

పటాన్‌చెరు వైపు కారు బ్యాటరీలు మొరాయించడం డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఎక్కువగా చూస్తుంటాను. పాశమైలారంలో రాత్రి షిఫ్టు దిగి, బయట నిలిపిన బండిలో కూర్చుని తాళం తిప్పితే సెల్ఫ్ టక్ టక్‌మని ఊరుకుంటుంది. చలికి పోయిందంటారు. దాన్ని అసలు దెబ్బతీసింది మే నెల ఎండ.

వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ లోపలి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుంది. నీరు ఆవిరవుతుంది, పాజిటివ్ ప్లేట్ల జాలీని ఆమ్లం తినేస్తుంది. నీడలేని పార్కింగులో నిలిచి, ఆపై ముత్తంగి, ఇస్నాపూర్ ట్రాఫిక్‌లో ఇంజన్ వేడిని మోసే బ్యాటరీ వేసవంతా అలా అరుగుతూనే ఉంటుంది. కానీ ఎండాకాలంలో ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది కనుక ఆ లోటు తెలియదు. చలికాలంలో ఇంజన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్‌కు ఎక్కువ బలం కావాలి, అప్పుడే బ్యాటరీ ఇచ్చే బలం తగ్గుతుంది. పైగా రాష్ట్రంలో కనిష్ఠ ఉష్ణోగ్రతలు చెప్పేటప్పుడు పటాన్‌చెరు పేరు తరచూ వినిపిస్తుంది. కొన్ని రాత్రులు ఒంటి అంకెలోకి దిగుతుంది. గట్టి బ్యాటరీకి ఆ చలి లెక్క కాదు.

అందుకే బ్యాటరీ మార్చాలా వద్దా అన్నది దసరా, దీపావళి మధ్య తేల్చుకోవాలంటాను. వేసవి చేసిన నష్టం అప్పటికే జరిగిపోయి ఉంటుంది, చలి ఇంకా రాదు. మన ఎండలకు మూడేళ్లు దాటిన బ్యాటరీని ఏటా పరీక్షించాలి. అయితే వయసు చూసి మాత్రమే మార్చేయడం నాకు నచ్చదు. వారంటీ అయిపోయిందని బాగున్న బ్యాటరీని తీసేయడం డబ్బు దండగ.

రాత్రంతా ఆపిన బండికి ఉదయాన్నే, స్టార్ట్ చేయకముందే మీటరు పెట్టండి. పన్నెండు వోల్టుల బ్యాటరీ అంటాం కానీ అందులో ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి రెండు వోల్టులకు కాస్త పైన. అన్నీ నిండుగా ఉంటే 12.6 చూపిస్తుంది. 12.2కు వచ్చిందంటే సగం ఖాళీ అయినట్టే. ఆ ఒక్క అంకె చూసి తీర్పు చెప్పకూడదు. నిండా చార్జ్ చేయించి లోడ్ టెస్ట్ పెట్టించాలి. భారం పడ్డప్పుడు 9.6 వోల్టుల కిందికి జారిపోయేదాన్ని ఇక నమ్మలేం. పైన కనిపించే పచ్చ చుక్కను చూసి ధైర్యం తెచ్చుకునేవారున్నారు. ఆ చుక్క చెప్పేది ఆరింటిలో ఒక్క సెల్ సంగతే!

ఇంకో మాట. ఇంజన్ నడుస్తుండగా మామూలు బండిలో 13.8 నుంచి 14.4 దాకా రావాలి. రాకపోతే ముందు ఆల్టర్నేటరు, బెల్టు, టెర్మినళ్ల మీది తెల్ల పొడి చూడాలి. ఇవి చూడకుండా కొత్త బ్యాటరీ అంటగట్టే దుకాణానికి నేను వెళ్లను. బీరంగూడ నుంచి బీహెచ్‌ఈఎల్ దాకా వెళ్లివచ్చే చిన్న ప్రయాణాలతోనే గడిచే బండికైతే బ్యాటరీ ఎప్పుడూ పూర్తిగా నిండదు, ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. ఆదివారం సంగారెడ్డి దాటి సదాశివపేట దాకా ఒక పరుగు దానికి మేలు చేస్తుంది.

పరీక్షలో ఓడినదాన్ని మాత్రం జంపర్ కేబుళ్లతో ఈడ్చుకురావద్దు. నైట్ షిఫ్టు మనిషికి చీకట్లో, ఖాళీ రోడ్డు మీద బండి ఆగిపోవడం చిన్న కష్టం కాదు.

పాతది ఎటు పోతుందన్నది ఈ ప్రాంతంలో ఉన్నవాళ్లం మరింత పట్టించుకోవాలి. బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే, మిగతాదాంట్లో గంధకామ్లం. నక్కవాగు నీళ్లు ఫ్యాక్టరీల వ్యర్థాలతో పాడైన కథ 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ వాగు పక్క పొలాలున్న రైతులకు మట్టిలో విషం అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. పాత సామాన్ల కొట్టువాడు నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వవచ్చు. అక్కడ పగలగొట్టి ఆమ్లం నేలమీద పారబోస్తే, సీసం పొగలో కూర్చునేది పనిచేసే కుర్రాళ్లు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని వెనక్కి తెప్పించే బాధ్యత తయారీదారులదే. కనుక ఎక్స్ఛేంజ్ కింద డీలరుకే ఇచ్చి, పాతది తీసుకున్నట్టు బిల్లు మీద రాయించుకోండి.