మగ్గం కింది చెయ్యి

యాక్సిడెంట్ కేసు పట్టుకుని ఆఫీసుకొచ్చేవాళ్లందరూ కూర్చోగానే అడిగేది ఒకటే: "సార్, ఎంత వస్తుంది?" ఆ ప్రశ్నకు వెంటనే అంకె చెప్పేసే వకీళ్లు ఉన్నారు. నాకు మాత్రం నోరు రాదు. అంకె చెప్పాలంటే ముందు నేను అడగాల్సినవి బోలెడుంటాయి. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ కేసుల్లో, అంటే మేం ఎంవీఓపీలు అనేవాటిలో, పనితనమంతా ఆ అడగడం దగ్గరే ఉందని ఇన్నేళ్ల తర్వాత నా అభిప్రాయం.

ఈమధ్య యాప్‌లో బైక్ బుక్ చేసుకుని వెనక కూర్చుని దెబ్బలు తగిలించుకున్నవాళ్లు ఎక్కువగా వస్తున్నారు. ఆటో కంటే చవక, ట్రాఫిక్‌లో దూరిపోతుంది, ఎక్కక ఏం చేస్తారు? అలా వచ్చినావిడే ఒకరు. వయసు ముప్పై నాలుగు, కూకట్‌పల్లి వైపు ఇల్లు, చేసేది మగ్గం వర్క్. తయారైన బ్లౌజులు బొటిక్‌లో ఇచ్చి రావడానికి బైక్ టాక్సీ ఎక్కితే, పక్క సందులోంచి దూసుకొచ్చిన కారు గుద్దింది. ఎడమ మణికట్టు విరిగింది. ప్లేటు వేసి స్క్రూలు బిగించారు. మెడికల్ బోర్డు వైకల్యం పదిహేను శాతం అని రాసిచ్చింది.

ఆ పదిహేనే కేసుకు ఖరీదు అనుకుంటారు జనం. కాదు. 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి విడమరిచి చెప్పింది. ఒకరి ఎడమ చెయ్యి పోయిందనుకుందాం. అతను డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే. ప్రభుత్వాఫీసులో గుమాస్తా అయితే ఉద్యోగం నిలవొచ్చు. డాక్టరు లెక్క కట్టేది ఒంటికి జరిగిన నష్టాన్ని. ఆ ఒంటితో చేసుకునే పనికి ఎంత నష్టమన్నది తేల్చాల్సింది ట్రిబ్యునల్. తేల్చడానికి కావలసిన సరుకు అందించాల్సింది మేం.

ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు వకీలు నా మిత్రుడే, గట్టివాడు. క్రాస్‌లో మూడే మూడు ప్రశ్నలు వేశాడు. "మీది కుడిచేతి వాటమే కదా?" అవునండి. "సూది పట్టేది కుడిచేత్తోనే కదా?" అవునండి. "ఆ చేతికేం కాలేదు కదా?" కాలేదండి. కూర్చున్నాడు. అక్కడితో కేసు సగం పోయినట్టే.

నేను లేచి ఒకటే అడిగాను: "సూది కుడిచేతిలో ఉన్నప్పుడు మీ ఎడమ చెయ్యి ఎక్కడుంటుందమ్మా?"

"మగ్గం కిందండి. దారం అందించేది అదే. సూది కిందికి దిగినప్పుడల్లా కొక్కేనికి దారం తగిలించాలి. అక్కడ ఏమీ కనపడదండి, వేళ్లతోనే చూసుకోవాలి. ఇప్పుడు మణికట్టు తిరగట్లేదు. కాసేపటికే తిమ్మిరెక్కిపోతోంది."

ట్రిబ్యునల్ ఆవిడ సంపాదన నష్టాన్ని ముప్పై అయిదు శాతంగా తీసుకుంది. నెలకు పదిహేను వేలు ఆదాయం. నలభై ఏళ్లలోపు, సొంత పని కాబట్టి 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం ముందుముందు పెరిగే సంపాదన కింద నలభై శాతం కలిపితే ఇరవై ఒక్క వేలు. ఏడాదికి 2,52,000. ముప్పై నాలుగేళ్ల వయసుకు సరళా వర్మ తీర్పు పట్టికలో గుణకం 16. హెచ్చిస్తే 40,32,000. అందులో పదిహేను శాతమైతే 6,04,800. ముప్పై అయిదు శాతమైతే 14,11,200. ఆస్పత్రి ఖర్చులు, నొప్పి, బాధ కింద వచ్చేవి వేరే. ఎనిమిది లక్షల తేడా ఆ మగ్గం కిందే ఉంది.

ఆ పదిహేను వేలు కూడా ఊరికే రాలేదు. జీతం స్లిప్పు లేని మనిషి ఆదాయాన్ని కోర్టులో నిలబెట్టడం ఎంత కష్టమో చెప్పలేను. బొటిక్ యజమానురాలు సాక్ష్యానికి రావడానికి మొదట ఒప్పుకోలేదు. ఆవిడ వచ్చి, ఫోన్‌పే జమలు, ఆర్డర్లు రాసుకున్న నోటు పుస్తకం ఎగ్జిబిట్లుగా మార్క్ అయ్యాకే ఆ అంకె నిలిచింది.

యాప్ బళ్ల కేసుల్లో నేను మొదట అడిగేది నంబర్ ప్లేటు రంగు. తెల్లదా, పసుపుదా? మన ఊళ్లో తిరిగే బైక్ టాక్సీల్లో తెల్ల ప్లేటు సొంత బళ్లు చాలా ఉన్నాయి. వాటి పాలసీ కిరాయికి తిప్పకూడదన్న షరతు మీద తీసుకున్నది. దానికి తోడు వట్టి థర్డ్ పార్టీ పాలసీ అయితే వెనక కూర్చున్న మనిషికి అది వర్తించదని సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. బండి దానంతటదే జారి పడితే ఇక కంపెనీ చేతులు దులుపుకోవడానికే చూస్తుంది. ఈవిడ విషయంలో ఎదురుగా కారుంది, దానికి పాలసీ ఉంది. బైక్ కుర్రాడిదీ సగం తప్పని కారు ఇన్సూరెన్స్ కంపెనీ వాదించింది. ఉండొచ్చు. వెనక కూర్చున్నామెకు దాంతో పనిలేదు. ఇద్దరి తప్పు కలిసి మూడో మనిషికి దెబ్బ తగిలితే, ఆ మనిషి మొత్తం సొమ్మును ఇద్దరిలో ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చని 2015లో ఖెన్యేయ్ కేసులో తేలిపోయింది.

మరి యాప్ కంపెనీ? జనం కోపమంతా దాని మీదే. దాన్ని నేనూ రెస్పాండెంట్‌గా చేరుస్తాను. ముఖ్యంగా రికార్డుల కోసం: ఎప్పుడు బుక్ చేశారు, ఏ బండి నంబరు చూపించారు, వచ్చింది ఆ బండేనా. 2019 సవరణతో ఈ కంపెనీలు మోటారు వాహనాల చట్టం పరిధిలోకి వచ్చాయి, లైసెన్సు తప్పనిసరైంది. కేంద్రం 2025లో ఇచ్చిన మార్గదర్శకాలు ప్రయాణికులకు కనీసం అయిదు లక్షల బీమా ఉండాలంటున్నాయి. కానీ సొమ్ము విషయంలో నా కన్ను బండి పాలసీ మీదే ఉంటుంది. "మేం కలిపేవాళ్లమే, నడిపేవాళ్లం కాదు" అన్నది వాళ్ల పాత పాట. ఆ పాట మీద ఏళ్ల తరబడి వాదించడం నాకు సరదాయే. ఫిజియోథెరపీకి డబ్బుల్లేని మనిషికి సరదా కాదు.

ఇంకో తిరకాసు కాజువాలిటీ రిజిస్టర్లో మొదటి వాక్యం. పోలీసు గొడవ ఎందుకులే అని ఇంటివాళ్లు "బండి స్కిడ్ అయి పడింది" అని చెప్పేస్తారు. డ్యూటీ డాక్టరు అదే రాస్తాడు. ఏడాది తర్వాత ఆ కాగితం కోర్టులోకి వచ్చి కూర్చుంటుంది. స్టేషన్ ముందే పది వేలో ఇరవై వేలో తీసుకుని రాజీ పడితే ఎఫ్‌ఐఆరే ఉండదు. ఉన్నా ఆలస్యంగా ఉంటుంది. ఆస్పత్రి ఖర్చుకు భయపడి అలా చేసేవాళ్లకు ఒక మాట: 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు రహిత చికిత్స పథకం ఉంది.

గడువు సంగతి కూడా చెప్పాలి. 1994 సవరణ తర్వాత ఈ కేసులకు గడువే లేకుండా ఉండేది. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలలు పెట్టారు. కాళ్లు చేతులు విరిగి మంచాన పడ్డవాడికి ఆరు నెలలేమిటో ఆ రాసినవాళ్లకే తెలియాలి. దాని చెల్లుబాటు మీద విచారణ నడుస్తుండగా, గడువు దాటిందన్న ఒక్క కారణంతో కేసులు కొట్టేయొద్దని సుప్రీంకోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఆదేశం ఇచ్చింది. ఆ ధైర్యంతో ఇంట్లో కూర్చోమని మాత్రం నేను ఎవరికీ చెప్పను.

ఆస్పత్రి వార్డుల్లో తిరిగే ఏజెంట్ల గురించి రాస్తే ఈ పేజీ చాలదు. వచ్చినదాంట్లో వకీలుకు వాటా అని మాట్లాడుకునే ఫీజును బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవన్న ఒక్క ముక్క తెలిసినా చాలు.

వకాలత్ మీద సంతకం పెట్టే ముందు ఆ మగ్గం వర్క్ ఆవిడ ఆగింది. "సార్, ఆ పిల్లాడి మీద మాత్రం కేసు వద్దు. కాలేజీ ఫీజు కోసం నడుపుతున్నాడంట. వాడికీ మోకాలు పగిలింది." చాలామంది ఇదే అంటారు. రెస్పాండెంట్లలో అతని పేరు కూడా చేరుస్తాం, సొమ్ము మాత్రం పాలసీది అని చెప్తాను. కారు పాలసీ ఉంది కాబట్టి ఆవిడకు ఆ మాట నిశ్చింతగా చెప్పగలిగాను. తెల్ల ప్లేటు బండి ఒక్కటే పడిపోయిన కేసుల్లో అది పూర్తి నిజం కాదు. షరతు మీరారని తేలినప్పుడు, ముందు కంపెనీయే చెల్లించి తర్వాత బండి ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చని ఆర్డరు వేసే సందర్భాలుంటాయి. ఆ ఓనరు చాలాసార్లు ఆ కుర్రాడో వాళ్ల నాన్నో అవుతాడు. అలాంటి కేసులు వచ్చినప్పుడు ఆ సంగతి ముందే విప్పి చెప్తున్నాను. విన్నాక కొందరు సంతకం పెడతారు. కొందరు ఇంట్లో అడిగి వస్తామని వెళ్తారు.