మన గుట్టలు, మన వాగులు: రాళ్లు వెతికే విద్య

కొండగట్టు పుట్టుక గురించి భక్తులు చెప్పుకునే కథలో ఒక కొండ ప్రయాణం ఉంది. హనుమంతుడు సంజీవని పర్వతాన్ని మోసుకుపోతుంటే ముత్యంపేట దగ్గర ఒక ముక్క విరిగిపడిందట, అదే ఈ గట్టయి నిలిచిందట. గుట్టను చూడగానే ఇది ఎక్కడిది, ఎట్లా వచ్చింది అని ఆలోచించడం మన పెద్దలకు అలవాటే. రాళ్లను, శిలాజాలను వెతికేవాళ్లు పట్టుకుని తిరిగేదీ ఆ ప్రశ్ననే.

ఈ వెతుకులాట కోసం దూరదేశాలకు పోనక్కర్లేదు. కొండగట్టు నుంచి ఈశాన్యంగా ప్రాణహిత దాకా, వాయవ్యంగా ఆదిలాబాద్ దాకా పోయి చూస్తే 250 కోట్ల ఏళ్ల భూమి చరిత్ర కాళ్ల కిందే ఉంటుంది. కావాల్సింది రెండే: ఏ రాయి ఎక్కడ దొరుకుతుందో ముందే అంచనా వేయగలగడం, దొరికిన చోటును సరిగ్గా రాసిపెట్టుకోవడం. మిగతా నేర్పంతా ఈ రెండింటి చుట్టూ తిరిగేదే.

ఎక్కడ ఏముంది?

కరీంనగర్, జగిత్యాల చుట్టుపక్కల గుట్టలు ఎక్కువగా గ్రానైటు, దాని బంధువులైన పాత రాళ్లు. భూమి లోతుల్లో కరిగిన పదార్థం నెమ్మదిగా చల్లారి గడ్డకట్టిందే గ్రానైటు కాబట్టి అందులో శిలాజం దొరకదు. అక్కడ వెతకాల్సింది స్ఫటికాలను. కరీంనగర్ నుంచి విదేశాలకు పోయే 'టాన్ బ్రౌన్' రాయి పలకను దగ్గరగా చూడండి. బొటనవేలి గోరంత, ఒక్కోచోట అంతకు మించిన గోధుమరంగు ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు, వాటి మధ్య బూడిదరంగు పలుగురాయి, నల్లని ఖనిజాల మచ్చలు విడివిడిగా కనిపిస్తాయి. స్ఫటికం అంత పెద్దగా పెరిగిందంటే రాయి చల్లారడానికి చాలా కాలం పట్టిందని అర్థం.

పెద్దపల్లి దాటి బసంత్‌నగర్, రామగుండం వైపు పోతే రాయి మారిపోతుంది. అక్కడి సున్నపురాయి నూరు కోట్ల ఏళ్లు దాటిన పాఖాల్ సముద్రపు అడుగు. సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ రాయి కోసమే. ఈ పాఖాల్ సున్నపురాళ్లలో అక్కడక్కడా స్ట్రొమటోలైట్లు ఉన్నాయి. క్యాబేజీని కోస్తే కనిపించే పొరల్లాంటి గీతలు రాతిలో గుమ్మటంలా లేచి ఉంటాయి. కంటికి కనిపించని సూక్ష్మజీవులు పొరమీద పొరగా కట్టుకున్న దిబ్బలవి.

ఇంకాస్త ముందుకు పోతే గోదావరిఖని, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి. ఇది బొగ్గు నేల. బొగ్గు పొరల పక్కనుండే నల్లటి, పలుచటి పొరల రాయిని విడదీస్తే నాలుక ఆకారంలో నడిమి ఈనెతో గ్లోసాప్టెరిస్ ఆకుల అచ్చులు బయటపడతాయి. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, చివరికి మంచు కప్పిన అంటార్కిటికాలో కూడా ఇవే ఆకులు దొరికాయి. ఈ భూభాగాలన్నీ ఒకప్పుడు ఒక్కటిగా ఉండేవనడానికి సింగరేణి కార్మికుడి చేతిలోని రాతిముక్క కూడా సాక్ష్యమే.

బెల్లంపల్లి దాటాక ప్రాణహిత దిక్కున ఎర్రమట్టి రాళ్లు మొదలవుతాయి. భారత భూవిజ్ఞాన సర్వే శాస్త్రవేత్త విలియం కింగ్ 1881లో ఈ ప్రాణహిత-గోదావరి లోయ మీద పెద్ద గ్రంథమే రాశాడు. సింగరేణి బొగ్గును గుర్తించినదీ ఆయనే. మాలేరి పరిసరాల ఎర్రమట్టిలో సుమారు 22 కోట్ల ఏళ్ల నాటి మొసలి పోలిక జంతువుల ఎముకలు, ఊపిరితిత్తుల చేపల పళ్లు దొరికాయి. యామన్‌పల్లి దగ్గర దొరికిన శాకాహార డైనోసారు కోటాసారస్‌ను 1988లో పి. యాదగిరి శాస్త్రలోకానికి పరిచయం చేశారు. ఆ జంతువు అస్థిపంజరం 44 అడుగుల పొడవుతో హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది.

నిర్మల్ దాటి ఘాట్ ఎక్కి ఆదిలాబాద్ వైపు సాగితే దక్కను లావా. సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి ఈ నల్లరాయి మీదే పత్తి పండే నల్లరేగడి పుట్టింది. ఒక లావా ప్రవాహానికీ మరో ప్రవాహానికీ మధ్య విరామంలో ఏర్పడిన చెరువుల మట్టి అక్కడక్కడా పలుచని పొరగా మిగిలింది. మంచినీటి నత్తల గుల్లలు అందులోనే వెతకాలి.

చోటు పట్టుకునే పద్ధతి

వెతుకులాట ఇంట్లో, పటం ముందు మొదలవ్వాలి. సర్వే ఆఫ్ ఇండియా పటాల్లో కొండగట్టు 56జె విభాగంలో, కరీంనగర్, మంచిర్యాల 56ఎన్‌లో, బెల్లంపల్లి 56ఎంలో వస్తాయి. 1:50,000 పటంలో రెండు సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. దాని పక్కన భూవిజ్ఞాన సర్వే 'భూకోశ్' వెబ్‌సైటులో ఉచితంగా దొరికే భూగర్భ పటం పెట్టుకోవాలి. రంగు మారిన చోటల్లా రాయి మారినట్టే. ఆ సరిహద్దు గీత ఏ వాగును, ఏ రోడ్డును దాటుతోందో గుర్తు పెట్టుకుంటే సగం పని అయిపోయింది.

నేల మీద రాయి తాజాగా తెగి కనిపించే చోట్లు కొన్నే. వాగు మలుపులో నీళ్లు కోసిన ఒడ్డు మొదటిది. వానాకాలం వెళ్లాక, గడ్డి ఎండాక పోతే కొత్తగా బయటపడ్డవి కనిపిస్తాయి. రోడ్డు కోసం, కాలువ కోసం గుట్టను తొలిచిన గోడలు రెండోది. మనవైపు మరో మంచి చోటుంది: పాత వ్యవసాయ బావి గడ్డ. బావి తవ్వినప్పుడు ఎత్తిపోసిన రాళ్లకుప్పను చూస్తే ఆ చెలక అడుగున ఏముందో తెలిసిపోతుంది. గోదావరి గులకరాళ్లలోనూ వెతకాలి. నది ఎగువన చాలా భాగం లావా నేల కాబట్టి నల్లరాయి ముక్కలతో పాటు చారల అకీకు రాళ్లు కూడా కొట్టుకొస్తాయి.

కన్ను, చేయి, నాలుక

దొరికింది ఏమిటో తేల్చుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా నురగ వచ్చేది సున్నపురాయి. చాకుమొనతో గీరినా గీత పడనిది పలుగురాయి కావచ్చు. అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి వాగు ఇసుకలో తిప్పితే నల్లని మాగ్నటైట్ రేణువులు అంటుకుంటాయి. ఇనుప ఖనిజం కరిగించి ఉక్కు చేసిన కోనసముద్రం మనకు దూరమేమీ కాదు. ఆ పని జరిగిన ఊళ్లలో ఇనుము తీయగా మిగిలిన చిట్టెం కుప్పలు ఇప్పటికీ కనిపిస్తాయి. బరువుగా, నల్లగా, బుడగల గుంతలతో ఉండే చిట్టెం ముక్కను ఉల్క అనుకునేవాళ్లు ఎక్కువ. ఉల్కలో అలాంటి బుడగలు ఉండటం చాలా అరుదు.

శిలాజమని భ్రమపెట్టేవి కూడా ఉన్నాయి. రాతి పగుళ్ల మీద నల్లని నాచుకొమ్మల్లాంటి బొమ్మలు కనిపిస్తే అవి చాలావరకు మాంగనీసు మరకలే. నిజమైన ఆకులో ఈనెలకు ఒక క్రమం ఉంటుంది, అంచు ఉంటుంది. ఎముక అనిపించిన ముక్క విరిగిన చోట సన్నని రంధ్రాలు ఉన్నాయేమో భూతద్దంతో చూడాలి. తడి నాలుకకు ఆనిస్తే శిలాజపు ఎముక చాలాసార్లు అతుక్కుంటుంది, మామూలు రాయి జారిపోతుంది. ముక్కను శుభ్రంగా కడిగాకే ఈ పరీక్ష చేయాలి.

చిన్నవాటిని తేలిగ్గా తీసుకోవద్దు. ఆసిఫాబాద్ వైపు పైకసిగూడెం దగ్గర శాస్త్రవేత్తలు మట్టిని నీళ్లలో నానబెట్టి, జల్లెడ పట్టి, మిగిలిన రవ్వను సూక్ష్మదర్శిని కింద ఏరారు. డైనోసార్ల కాళ్ల సందుల్లో బతికిన బుల్లి క్షీరదాల పళ్లు అందులో బయటపడ్డాయి. వాటిలో ఒకదానికి ఆ ఊరి పేరు, యాదగిరి పేరు కలిపి 'పైకసిగూడోడాన్ యాదగిరీ' అని పెట్టారు. పాలిచ్చి పెంచే జీవుల తొలి రోజులను చదివేవాళ్లు ఎక్కడున్నా ఈ గూడెం పేరు పలకాల్సిందే.

తీయడం, వదిలేయడం

రాయి చేతికి రాగానే మొదటి పని సంచిలో వేయడం కాదు. అది ఉన్న చోటును ఉన్నట్టే ఫొటో తీయాలి, పక్కన స్కేలో నాణెమో పెట్టాలి. ఊరు, వాగు, జీపీఎస్ అంకెలు, ఏ పొరలో ఉంది, తేదీ — ఇవన్నీ పుస్తకంలో ఎక్కాలి. అదే అంకె రాయి మీద కూడా వేయాలి. చిరునామా లేని ఎముక అలమారాలో అందంగా ఉంటుందేమో గానీ, దాని వయసెంతో, ఏ నది ఒడ్డున బతికిన జంతువుదో చెప్పలేదు.

చెలకలోకి పోయే ముందు రైతును అడగాలి. కవ్వాల్, ప్రాణహిత, శివారం అభయారణ్యాల్లో చూడటమే తప్ప ఏదీ తీయకూడదు. క్వారీలు, ఓపెన్‌కాస్టు గనులు అనుమతి లేకుండా అడుగుపెట్టే చోట్లు కావు. రాళ్లు జారతాయి, పేలుళ్లు జరుగుతాయి. పెద్ద ఎముకో, వరసగా పేర్చినట్టున్న వెన్నుపూసలో కనబడితే తవ్వకండి. మట్టి కప్పి, చోటు రాసుకుని, హైదరాబాద్ బండ్లగూడలోని భూవిజ్ఞాన సర్వే కార్యాలయానికి కబురు పెట్టండి. తొందరపడి గడ్డపార వేస్తే కోట్ల ఏళ్లు నిలిచిన ఎముక ఒక్క పూటలో పొడైపోతుంది.

గుట్టలు కంకరగా మారుతున్నాయి, వాగుల ఇసుక లారీలెక్కుతోంది. ఏమి పోతోందో తెలిసినవాళ్లు ఊళ్లో ఉంటేనే ఏది మిగల్చాలో అడగగలరు. అందుకే ప్రతి హైస్కూలులో ఆ మండలపు రాళ్లతో ఒక అర ఉండాలని నా కోరిక. పిల్లలే ఏరి, పిల్లలే పేరు, చోటు రాసి పెట్టిన అర. దానికి ఖర్చు దాదాపు ఏమీ లేదు, సెలవు రోజు ఒక మాస్టారు వెంట నడిస్తే చాలు. మాలేరి, యామన్‌పల్లి, పైకసిగూడెం కూడా మన ఊళ్లలాంటి ఊళ్లే. అక్కడికి చూడటం తెలిసినవాళ్లు వెళ్లారు. ఆ చూపును మన పిల్లలకు నేర్పితే తర్వాతి ఊరి పేరు వాళ్లే రాస్తారు.