మందుల షాపు కత్తెర

పది మాత్రల స్ట్రిప్పునుండి నాలుగింటిని కత్తిరించి, చిన్న కాగితపు కవరులో వేసి, దానిపై 1-0-1 అని గీకి, చిల్లరతోపాటు చేతికందించుటయే నేడు మా తెలంగాణ పట్టణములలో ఔషధవితరణమనబడు విద్యకు సామాన్యరూపము. వెనుకటి కాంపౌండరు మిక్చరు కలిపి సీసాకెత్తి, మోతాదులు తెలియుటకై అంచున గంట్లు పెట్టిన కాగితపుబద్ద నొకదానిని సీసాప్రక్క నంటించెడివాడు. అక్షరజ్ఞానము లేని రోగియు ఆ గంట్లను చూచి పూటకెంత త్రాగవలెనో, ఇంకెంత మిగిలినదో గ్రహించెడివాడు. ఆ మిక్చరుల గుణమును గూర్చి నాకు పెద్ద భ్రమలు లేవు గాని, బద్ద మాత్రము మెచ్చదగినది.

ఇప్పటి కత్తెరపనిలోను నేర్పు లేకపోలేదు. బ్యాచి నంబరును, గడువు తేదీయు సాధారణముగా స్ట్రిప్పునకు ఒక కొసనే ముద్రితమై యుండును గనుక, అనుభవశాలియైన వర్తకుడు రెండవ కొసనుండి కోయుచు వచ్చి, తేదీగల భాగమును కడపటివరకు తనయొద్దనే నిలుపుకొనును. కొన్నవానికి దక్కునది తేదీ లేని తునుక. దానిమీద మందు పేరులో సగము, వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని హెచ్చరించు ఎఱ్ఱగీతలో ఒక ముక్క. మరునాడు ఒంటినిండ దద్దురులు లేచి ఆసుపత్రికి పరుగెత్తినవాడు, "ఏం మందు వేసుకున్నవ్?" అని డాక్టరు అడిగిన, "తెల్ల గోలి, పసుపు గోలి" అనక మరేమనగలడు?

1945 నాటి ఔషధ నిబంధనల ప్రకారము వైద్యుని చీటీపై నిచ్చు మందు రిజిస్టర్డు ఫార్మసిస్టు చేతిమీదుగానో, ఆయన స్వయంపర్యవేక్షణలోనో వెలువడవలెను; పెక్కుచోట్ల ఆయన సర్టిఫికెట్టు గోడమీద అద్దములో వ్రేలాడుచుండగా, ఆయన మాత్రము మరెచటనో మరొక ఉద్యోగమున నుండును. 2014 మార్చి 1 నుండి క్షయ మందులు, బలమైన యాంటీబయాటిక్కులు మొదలగు 46 ఔషధములకు హెచ్1 షెడ్యూలు అమలునకు వచ్చినది. రోగి పేరు, వైద్యుని పేరు, మందు, పరిమాణము రిజిస్టరున కెక్కించి 3 సంవత్సరములు భద్రపరుపవలెను. నియమము మంచిదే. కాని కూలి పోగొట్టుకొని ఓపీ చీటీకై వరుసలో నిలువలేక, చేతనున్న డబ్బులకు రెండుపూటల మందు చాలునని యడుగువానిని నిందించుటకు నాకు నోరాడదు.

మా వీధిలోని ఫార్మసిస్టమ్మ కత్తెర పట్టుటకు ముందు ప్రశ్నించును: "ఏ మందన్న నీకు పడదా అన్నా?", "షుగరున్నదా?", "పిల్లకు పాలిస్తున్నవా అమ్మా?" పిదప కవరుపై మందు పేరును, గడువు తేదీని వ్రాసి యిచ్చును. ఔషధవితరణమున నేను ముఖ్యముగా నెంచునవి ఈ ప్రశ్నలే. అయితే 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తరువు, తాను గరిష్ఠధర నిర్ణయించు మందులలో చిల్లర వర్తకునకు నూటికి 16 చొప్పున లాభమును లెక్కగట్టినది అమ్మిన సరకుమీదనే గాని అడిగిన ప్రశ్నమీద గాదు. అమ్మనొల్లక త్రిప్పి పంపిన మందుమీద అసలే గాదు. మొన్న నొకడు దగ్గుమందు సీసా అడుగగా, ఆ దగ్గు రెండువారములు దాటినదని తెలిసి, "సిరప్ ఇయ్యనన్నా, సర్కారు దవాఖానకు పొయ్యి తెమడ పరీక్ష చేయించుకో" అని ఆమె పంపివేసెను. అతడు తల యూపి, రోడ్డు దాటి, ఎదుటి షాపులో అదే సీసా కొనుక్కొని పోయెను.