డాక్టరు సరే, ఆ తల్లి ఏదీ?

తపన్ సిన్హా తీసిన 'ఏక్ డాక్టర్ కీ మౌత్' (1990) మళ్ళీ చూశాను. పంకజ్ కపూర్ నటన ఇప్పటికీ కదిలిస్తుంది. అయినా ఈసారి ఒక వెలితి నన్ను వదల్లేదు.

సినిమాకి స్ఫూర్తి కలకత్తా డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ జీవితం. శరీరం బయట ఫలదీకరణ జరిపిన పిండాన్ని ఆయన 53 రోజులు గడ్డకట్టించి దాచారు. అండాల కోసం వాడిన మందుల ప్రభావం పోయాక తల్లి గర్భాశయంలో ప్రవేశపెట్టారు. 1978 అక్టోబరు 3న దుర్గ పుట్టింది. ప్రభుత్వం వేసిన కమిటీ నమ్మలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు.

సినిమాలో ఈ పరిశోధన కుష్టువ్యాధి టీకా అయింది. టీకా గురించి నలుగురిలో మాట్లాడొచ్చు, సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ పిండంతోపాటు, దానికోసం ఇంజెక్షన్లు పొడిపించుకుని రోజులు లెక్కపెట్టుకున్న స్త్రీ కూడా తెర మీంచి తప్పుకుంది. మిగిలింది భర్త పరిశోధన కోసం తన జీవితాన్ని సర్దుకునే సీమ (షబానా ఆజ్మీ). ఆమె బాధ నిజమే. అయితే అది మనం ఎన్నోసార్లు చూసిన, ఓర్చుకునే ఇల్లాలి బాధే.

కమిటీ నమ్మనిది డాక్టరునొక్కడినేనా? తన ఒంట్లో జరిగినదానికి ఆ తల్లి సాక్షి కాదా? ఈ ప్రశ్న అడిగే అవకాశాన్ని సినిమా పోగొట్టుకుంది.

ఇవాళ నగరాల్లో అండాలు దాచుకోవడం గురించి బాహాటంగానే మాట్లాడుకుంటున్నారు. 2021 చట్టం పిండాల నిల్వకు 10 ఏళ్ళ గడువు పెట్టింది. గడువులూ ఖర్చులూ డాక్టర్ల ఘనతా అన్నీ వింటున్నాం. దాచుకున్న మనిషి తన నోటితో చెప్పే కథ కోసం మాత్రం ఇంకా వెతుక్కోవాల్సే వస్తోంది.