పరాయి చర్మం, పరాయి మాట

జర్మన్ దర్శకురాలు ఆంగెలీనా మక్కరోనె 2005లో తీసిన చిత్రం పేరు ‘ఫ్రెమ్డె హౌట్’. తెలుగులో చెప్పాలంటే ‘పరాయి చర్మం’. ఇంగ్లీషు ప్రేక్షకులకు ఇది ‘అన్‌వెయిల్డ్’ అన్న పేరుతో చేరింది. ముసుగు తొలగించుకున్న స్త్రీ కథ అని ఆ పేరు స్ఫురింపజేస్తుంది. చిత్రం చెప్పేది అందుకు దాదాపు వ్యతిరేకం. ఒక ముసుగు నుంచి తప్పించుకు వచ్చిన మనిషి అంతకంటే బరువైన మరో ముసుగు వేసుకోవలసి రావడమే ఇందులోని కథ. ఇరాన్ నుంచి శరణు కోరి వచ్చే లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల సమస్యను అర్థం చేసుకోవడానికి ఈ చిత్రం ఇప్పటికీ మంచి ప్రవేశద్వారం. అది చూపించినవాటితో పాటు చూపించకుండా వదిలేసినవీ అందుకు తోడ్పడతాయి.

ఫరీబా తబ్రీజీ మరొక స్త్రీని ప్రేమించినందుకు ఇరాన్ విడిచి పారిపోయి ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో దిగుతుంది. అధికారులు ఆమె శరణు దరఖాస్తును తోసిపుచ్చుతారు. అక్కడే నిర్బంధంలో ఉన్న సియామక్ అనే ఇరానీ యువకుడికి మాత్రం తాత్కాలికంగా ఉండేందుకు అనుమతి వస్తుంది. కానీ అతడు ఆత్మహత్య చేసుకుంటాడు. అతని కాగితాలతో, అతని పేరుతో, మగవేషంలో ఫరీబా జర్మనీలో అడుగుపెడుతుంది. ష్వాబియా ప్రాంతంలోని ఒక చిన్న ఊళ్ళో శరణార్థుల వసతిగృహం, దొంగచాటుగా క్యాబేజీ ఊరవేసే ఫ్యాక్టరీలో పని, అక్కడ ఆన్నె అనే కార్మికురాలితో ముడిపడిన అనురాగం, ఇదీ తరువాతి కథ. ఫరీబా పాత్ర ధరించిన యాస్మిన్ తబాతబాయి టెహరాన్‌లో పుట్టి జర్మనీలో స్థిరపడిన నటి.

ఇరాన్‌లో ప్రమాదం ఎంతటిదో చిత్రం విడమరచి చెప్పదు. 2013 నాటి ఇస్లామిక్ శిక్షాస్మృతి ప్రకారం పురుషుల మధ్య సంభోగానికి మరణశిక్ష పడే అవకాశం ఉంది. స్త్రీల మధ్య సంబంధానికి వంద కొరడా దెబ్బలు. మూడుసార్లు ఆ శిక్ష అనుభవించాక నాలుగోసారి రుజువైతే మరణం. చిత్రం తీసేనాటికి అమలులో ఉన్న చట్టం ఇంతకంటే మెత్తనిదేమీ కాదు. అయితే మక్కరోనె చూపు టెహరాన్ మీద లేదు, ఫ్రాంక్‌ఫర్ట్ మీద ఉంది. ప్రాణభయంతో వచ్చిన మనిషిని ఆదుకోవలసిన దేశం ఆ మనిషిని ఏమడుగుతుంది, ఎలాంటి జవాబు వస్తే నమ్ముతుంది అన్నది ఆమె ప్రశ్న.

ఆ రోజుల్లో ఇటువంటి దరఖాస్తులకు అనేక దేశాల వద్ద సిద్ధంగా ఉన్న సమాధానం ఒకటే: మీ దేశానికి తిరిగి వెళ్ళి గుట్టుగా బతకండి, ఎవరికీ తెలియకపోతే ఎవరూ ఏమీ చేయరు. బ్రిటన్‌లో ఈ వాదన ఒక ఇరానీ గే పురుషుడి విషయంలో పరాకాష్ఠకు చేరింది. కోర్టు పత్రాల్లో ‘హెచ్‌జె’ అన్న పొడి అక్షరాలతో నమోదైన ఆ వ్యక్తి 2001 డిసెంబరులో శరణు కోరాడు. గోప్యంగా బతకడం అతనికి ఓ మేరకు భరించదగినదేనన్న తర్కాన్ని 2009లో అప్పీలు కోర్టు సమర్థించింది. 2010 జులై 7న బ్రిటన్ సుప్రీంకోర్టుకు చెందిన ఐదుగురు న్యాయమూర్తులు, కామెరూన్‌కు చెందిన మరొక వ్యక్తి కేసుతో కలిపి, దానిని ఏకగ్రీవంగా కొట్టివేశారు. హింసకు భయపడి తన స్వభావాన్ని దాచుకోవలసి వచ్చిన మనిషి ఆ దాపరికం వల్లే రక్షణకు అనర్హుడవుతాడనడం శరణార్థి ఒప్పందానికే విరుద్ధమని వారి నిర్ణయం. ఆన్ ఫ్రాంక్ అటకమీద దాక్కున్నంతకాలం నాజీలకు దొరకదు కనుక ఆమెకు శరణు అక్కరలేదని ఎవరైనా అనగలరా అన్న పోలిక ఆ తీర్పులో ఉంది.

ఈ తీర్పుకు ఐదేళ్ళ ముందే మక్కరోనె ఆ వాదనలోని డొల్లతనాన్ని తెరమీద చూపించింది. సియామక్ వేషంలో ఫరీబా గడిపేది అధికారులు కోరుకునే ‘గుట్టు’ బతుకే. ఎవరికీ తెలియనంతకాలం ఆమె క్షేమం. గొంతు, నడక, స్నానాలగది, తోటి కార్మికుల హాస్యం, అన్నీ ఆమెకు గండాలే. చనిపోయిన సియామక్ తల్లిదండ్రులకు అతనిపేరిట ఉత్తరాలు రాయవలసి రావడం చిత్రంలోకెల్లా గుండె పిండే అంశం. దాచుకోవడం ఒకసారి చేసి మరచిపోయే పని కాదనీ, పూటపూటకూ కొత్తగా చేయవలసిన వెట్టిచాకిరీ అనీ ప్రేక్షకుడికి వాదనలతో పనిలేకుండా తెలుస్తుంది.

సుప్రీంకోర్టు తీర్పును మెచ్చుకుంటూనే అందులోని ఒక లోపాన్ని గమనించాలి. మామూలు మగవాళ్ళు రగ్బీ ఆడుతూ, బీరు తాగుతూ, అమ్మాయిల గురించి ముచ్చటించుకున్నట్టే, గే పురుషులు కైలీ పాటకచేరీలకు వెళ్ళి రంగురంగుల కాక్‌టెయిల్స్ తాగే స్వేచ్ఛ కలిగి ఉండాలని లార్డ్ రాడ్జర్ ఒక ఉదాహరణ ఇచ్చాడు. ఉద్దేశం ఉదారమైనదే. కానీ ఆ బొమ్మ లండన్‌ది. షిరాజ్‌లోనో తబ్రీజ్‌లోనో నోరు విప్పకుండా పెరిగిన మనిషి ఆ బొమ్మకు సరిపోడు. ‘దాచుకోలేవా?’ అన్న ప్రశ్న పక్కకు తప్పుకునే కొద్దీ దాని స్థానంలో ‘నువ్వు నిజంగా అటువంటివాడివేనా?’ అన్న ప్రశ్న వచ్చి కూర్చుంటోందని ఆస్ట్రేలియా న్యాయశాస్త్రజ్ఞురాలు జెన్నీ మిల్‌బ్యాంక్ 2009లోనే హెచ్చరించింది. జవాబు చెప్పడానికి రెండోది మొదటిదానికంటే తేలికైనదేమీ కాదు.

ఆ ప్రశ్నకు వైద్యశాస్త్రం చేత జవాబు చెప్పించాలన్న ప్రయత్నాలు వైద్యవృత్తికే తలవంపులు. చెక్ రిపబ్లిక్‌లో కొందరు దరఖాస్తుదారులకు ఫాలోమెట్రీ అనే పరీక్ష చేశారు. అశ్లీల దృశ్యాలు చూపిస్తూ పురుషాంగంలో వచ్చే మార్పును యంత్రంతో కొలవడం ఆ పద్ధతి. ఒక ఇరానీ గే పురుషుణ్ణి అక్కడికి తిప్పి పంపితే ఈ పరీక్షకు గురికావచ్చన్న కారణంతో 2009లో జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ పాలనా న్యాయస్థానం ఆ తరలింపును ఆపింది. ఇటువంటి పరీక్షలనూ, శయ్యాగృహపు వివరాలు అడిగే ప్రశ్నలనూ, అంతరంగిక వీడియోలను సాక్ష్యంగా తీసుకోవడాన్నీ 2014 డిసెంబరు 2న ఐరోపా యూనియన్ న్యాయస్థానం తప్పుపట్టింది. మొదటి ఇంటర్వ్యూలోనే విషయం బయటపెట్టలేదన్న ఒక్క కారణంతో మనిషిని అబద్ధాలకోరుగా లెక్కించకూడదని కూడా అదే తీర్పు చెప్పింది. హంగరీలో ఒక దరఖాస్తుదారుణ్ణి వానలో మనిషి బొమ్మ గీయమని, సిరామరకల్లో ఏం కనిపిస్తోందో చెప్పమని అడిగి అతని లైంగికతను తేల్చబోయిన వ్యవహారాన్ని 2018 జనవరి 25న మళ్ళీ అదే న్యాయస్థానం తిరస్కరించింది. ఒక మనిషి ఎవరిని ప్రేమిస్తాడో తేల్చే రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ప్రేమను వ్యాధుల జాబితా నుంచి తొలగించింది. వ్యాధి కానిదానికి నిర్ధారణ పరీక్ష వెతకడం వైద్యం అనిపించుకోదు.

వైద్యం మరోలా చేతులు కలిపిన ఉదంతం ఇరాన్‌లోనే ఉంది. మరియం ఖాతూన్ మోల్కారా అనే ట్రాన్స్ మహిళ పట్టుదల ఫలితంగా 1980లలో ఖొమేనీ ఇచ్చిన ఫత్వాతో అక్కడ లింగమార్పిడి శస్త్రచికిత్స చట్టబద్ధమైంది. తనాజ్ ఇషాఘియాన్ 2008లో తీసిన ‘బీ లైక్ అదర్స్’ అనే డాక్యుమెంటరీ టెహరాన్‌లోని ఒక క్లినిక్‌కు ఆ శస్త్రచికిత్స కోసం వచ్చే యువతను అనుసరిస్తుంది. ప్రేమించినందుకు దండించే రాజ్యమే శరీరం మార్చుకుంటే గుర్తింపు కాగితం ఇస్తుంది. ఫరీబా తొడుక్కున్న పరాయి చర్మం ఇక్కడ కత్తి అంచున తయారవుతుందని అనిపిస్తుంది. అయితే ఆ ముద్రతోనే ఆగిపోతే మరో అన్యాయం జరుగుతుంది. ఇరానీ చరిత్రకారిణి అఫ్సానే నజ్మాబాదీ 2013లో ప్రచురించిన ‘ప్రొఫెసింగ్ సెల్వ్స్’ అనే గ్రంథం, ట్రాన్స్ వ్యక్తులందరినీ బలవంతానికి లొంగిన బాధితులుగా చూడడం తప్పని నిరూపిస్తుంది. ఆ చట్టంలోని సందుల్లోంచి తమ జీవితాన్ని తాము మలచుకున్నవారు అక్కడ ఉన్నారు. శస్త్రచికిత్స కోరుకున్నవారూ, దానినుంచి పారిపోయి వచ్చినవారూ ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఒకరి కథను కొలబద్దగా పెట్టి మరొకరిని కొలవకూడదు.

కథ చెప్పడానికి ముందు మాట కావాలి. పారశీకంలో స్వలింగ ప్రేమికులకు వాడుకలో ఉన్న పాత మాట ‘హమ్‌జిన్స్‌బాజ్’. ‘బాజ్’ అంటే ఆడేవాడు, ఆ పనికి అలవాటుపడ్డవాడు. తెలుగువారికి ఈ ప్రత్యయం కొత్తదేమీ కాదు. మన ‘దగుల్బాజీ’లో ఉన్నది అదే. ఆ తిట్టు స్థానంలో మొగ్గు, ఆకర్షణ అన్న అర్థమిచ్చే ‘హమ్‌జిన్స్‌గరా’ అనే మాటను ఇరానీ రచయితలు, ఉద్యమకారులు ప్రచారంలోకి తెచ్చారు. శరణు ఇంటర్వ్యూలో దుబాసీ ఈ రెంటిలో ఏ మాట ఎంచుకుంటాడన్నది చిన్న విషయం కాదు. సొంత దేశంవాడి నోట ఆ పాత తిట్టు వినబడిన క్షణంలోనే దరఖాస్తుదారు గొంతు మూతబడవచ్చు. తెలుగు పత్రికలు కూడా ఏళ్ళ తరబడి వాడుతూ వచ్చిన మాట ‘స్వలింగ సంపర్కులు’. మనిషి జీవితాన్నంతా ఒక శారీరక క్రియకు కుదించే మాట అది. భార్యాభర్తలను ఎవరూ ‘భిన్నలింగ సంపర్కులు’ అని వార్త రాయరు.

నమ్మకం గురించిన ఈ చర్చ తెలుగు పాఠకుడికి విభీషణ శరణాగతి ఘట్టాన్ని గుర్తుకు తేవడం సహజం. శత్రువుల ఊరినుంచి వచ్చినవాణ్ణి నమ్మవద్దని సుగ్రీవుడు, పరీక్షించాలని మరికొందరు అంటారు. హఠాత్తుగా నిలదీసి ప్రశ్నిస్తే వివేకం గలవాడు కూడా శంకలో పడతాడని వాల్మీకి హనుమంతుడు ఆ సలహాలోని లోపాన్ని పట్టుకుంటాడు. ఆ మాట నేటి ఇంటర్వ్యూ గదికీ వర్తిస్తుంది. ముఖకవళికలు లోపలి భావాన్ని బయటపెడతాయని ఆయనే చెప్పిన మరో మాట మాత్రం వర్తించదు. చిత్రహింసలు అనుభవించిన మనిషి కళ్ళలోకి చూడకపోవచ్చు, నవ్వుతూ చెప్పవచ్చు, రాయిలా కూర్చోవచ్చు. బ్రిటన్‌లో కొసావో, బోస్నియా శరణార్థులను రెండేసిసార్లు ఇంటర్వ్యూ చేసి 2002లో ప్రచురించిన ఒక వైద్య అధ్యయనంలో, అబద్ధం చెప్పవలసిన అవసరమేమీ లేనివారి కథనాల్లో కూడా తేడాలు సామాన్యమని తేలింది. ముఖ్యంగా పక్క వివరాలు మారిపోతాయి. తారీఖు తప్పినంత మాత్రాన గాయం అబద్ధం కాదు.

శరణార్థికి నిజంగా ఉపకరించే సాయం ఇక్కడినుంచి మొదలవుతుంది. గాయాలను, మానసిక స్థితిని నమోదు చేసే పద్ధతిని ఐక్యరాజ్య సమితి ‘ఇస్తాంబుల్ ప్రోటోకాల్’ పేరిట వైద్యులకు సమకూర్చింది. అందులో వైద్యుడి పని లైంగికతను నిర్ధారించడం కాదు. చెప్పిన చరిత్రకూ, కనబడుతున్న ఆనవాళ్ళకూ పొంతన ఉందా అన్నదే అతడు తేల్చాలి. అమెరికాలో 1996 చట్టం ప్రకారం దేశంలోకి వచ్చిన ఏడాదిలోగా శరణు దరఖాస్తు పెట్టుకోవాలి. అనుభవించిన హింస తాలూకు మానసిక ప్రభావం వల్ల ఆలస్యమైతే మినహాయింపు కోరవచ్చు. అటువంటప్పుడు ఒక వైద్యుడి నివేదిక దరఖాస్తు బతకడానికీ చావడానికీ మధ్య తేడా కావచ్చు. విదేశాల్లో ఆసుపత్రుల్లో, న్యాయ కార్యాలయాల్లో, సాంకేతిక సంస్థల్లో పనిచేసే తెలుగువారి చేతుల్లో ఇటువంటి నైపుణ్యాలకు కొదవ లేదు. జాలి కంటే నాలుగు గంటల తీరిక, ఓపికగా వినే చెవి, జాగ్రత్తగా రాసిన నివేదిక ఇక్కడ ఎక్కువ పనిచేస్తాయి.

మక్కరోనె చిత్రంలోని లోటు కూడా ఇక్కడే బయటపడుతుంది. ఫరీబా ఒంటరి. ఆమెకు న్యాయవాది గానీ, తోటివారి సంఘం గానీ ఆసరాగా నిలబడదు. దొరికిన సాయమంతా ఒక ప్రేమికురాలి హృదయంలోనే. నిజజీవితంలో ఇరానీ శరణార్థుల్లో చాలామంది దారి ఇలా ఉండదు. వీసా అవసరం లేదు కనుక వారు ముందు టర్కీ చేరతారు. ఐరోపాయేతరులకు టర్కీ పూర్తిస్థాయి శరణార్థి హోదా ఇవ్వదు. డెనిజ్లీ, కైసేరి వంటి ఊళ్ళలో అధికారులకు హాజరు వేయించుకుంటూ, అనుమతి లేనిదే ఊరు దాటకుండా, మూడో దేశం పిలుపు కోసం ఏళ్ళు గడపాలి. 2017 జనవరిలో అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు ఇరానీయుల ప్రవేశాన్ని ఆపినప్పుడు ఆ ఎదురుచూపు మరింత సాగింది. అదే దారిన 2005లో టర్కీకి, ఆ మరుసటి ఏడాది కెనడాకు చేరిన అర్షామ్ పార్సీ 2008లో టొరంటోలో ‘ఇరానియన్ రైల్‌రోడ్ ఫర్ క్వీర్ రెఫ్యూజీస్’ సంస్థ స్థాపించాడు. అమెరికాలో నల్లజాతి బానిసలను స్వేచ్ఛాభూమికి చేర్చిన రహస్య మార్గానికి ప్రతిధ్వని ఆ పేరు. తాను దాటిన ఏటికి వంతెన కట్టిన మనిషి అతడు. చిత్రంలో అటువంటి మనిషి జాడ లేదు.

చివరికి ఫరీబాను విమానం ఎక్కించి ఇరాన్‌కు తిప్పి పంపుతారు. ఆ విమానంలోనే ఆమె మళ్ళీ సియామక్‌గా మారుతుంది. దీనిని ఓటమిగానూ, మొండి ధైర్యంగానూ విమర్శకులు చదువుకోవచ్చు. ఏ విధంగా చదివినా ఒక విషయం మిగులుతుంది. ఆమె అబద్ధం ఆమెను కొన్నాళ్ళు కాపాడింది, ఆమె నిజం ఎక్కడా కాపాడలేదు. నిజం చెబితే ప్రాణం నిలుస్తుందన్న భరోసా కలిగించగలిగిన నాడు ఆ చర్మం విప్పి పక్కన పెట్టడానికి ఆమెకు వేరే కారణం అక్కరలేదు.